రాసినవాళ్లను రమ్మనండి

గేమ్ కంపెనీ యజమాని ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు.

"చూపులేనివాళ్లు చప్పుళ్లు వింటూ ఆడే గేమ్ ఇది. మీలాంటివాళ్ల కోసమేనమ్మా మా తాపత్రయమంతా."

"ఆడాను సార్, బాగుంది. కానీ అందులో దారి చూపించే కోడ్ మీది కాదు. అది ఓపెన్ సోర్స్. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు. రాసినవాళ్ల పేరు వెయ్యాలి, మీరు చేసిన మార్పులు మళ్లీ అందరికీ ఇవ్వాలి. లైసెన్సులో ఉన్నది అంతే. మీరేమో పేరు చెరిపేసి, తాళం వేసుకున్నారు."

"మా వాళ్లు రెక్కలు ముక్కలు చేసుకుని రాశారమ్మా!"

"మెట్లు దిగుతుంటే ఎక్కుతున్నట్టు చప్పుడొస్తోంది. అసలు కోడ్‌లో ఉన్న పొరపాటే అది. కాపీ కొట్టినవాడు పక్కవాడి హాల్ టికెట్ నంబరు కూడా ఎక్కించినట్టుంది."

అతని గొంతులో తీపి తగ్గింది. "సరే, గొడవెందుకు? మా ప్రకటనల్లో మీ ఫొటో వేస్తాం. ఊరంతా మిమ్మల్నే చూస్తుంది."

"ఫొటో వద్దు. కోడ్ తాళం తీయండి. రేపు ఇంకొకళ్లు దాన్ని మెరుగు చేసుకోవాలి."

"చూడమ్మా, ఆడుకునేవాళ్లు ఆడుకోవాలి. కోడ్ సంగతి మీకేం తెలుస్తుంది? ఆ రాసినవాడెవడో వాణ్నే రమ్మనండి. వాడితోనే తేల్చుకుంటాం."

ఆమె కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుంది.

"వాడు కాదు సార్, ఆవిడ. మీ ఎదురుగానే ఉంది. తేల్చుకోండి."