వంట చూడ్డానికి వచ్చినవాడు

"ఎవరు నువ్వు?"

బలరాం ఆ మనిషి రెక్క పట్టుకుని అడిగాడు.

అతను నేల మీద కూర్చుని ఉన్నాడు. ముందు అన్నం కంచం ఉంది. ఇంకా ముద్ద కలపలేదు.

"నిన్నే అడిగేది. ఏ ఊరు? ఎవలు పంపిండ్రు?"

భద్రాచలంలో గిరిజన సంక్షేమ ఆఫీసు గేటు ఎదుట వేసిన టెంటు అది. ఆశ్రమ పాఠశాలలో వంట చేసే చాంది అనే ఆమెను పనిలోంచి తీసేశారు. ఒకరోజు రాత్రి భోజనం తర్వాత హాస్టల్ పిల్లలకు వాంతులయ్యాయి. మిగతా పిల్లలంతా తేరుకున్నారు. అడవి లోపలి గూడెం నుంచి వచ్చి చదువుకుంటున్న జంపక్క అనే పాప మాత్రం ఇంకా దవాఖానాలోనే ఉంది. తప్పు వంటామెదేనని విచారణకు ముందే తేల్చేశారు.

చాందికి అండగా వంట కార్మికుల యూనియన్ టెంటు వేసింది. గోదావరి అవతల సారపాక మిల్లు కాంట్రాక్టు కార్మికుల యూనియన్ బియ్యం, గిన్నెలు తెచ్చిచ్చింది. బలరాం వాళ్లలో ఒకడు. షిఫ్టు దిగగానే బ్రిడ్జి దాటి నేరుగా ఇక్కడికే వస్తాడు.

టెంటులో వంట చాందిదే.

"ఆమె వండింది మనమందరం తినాలె. అదే మన జవాబు," అంది వంట కార్మికుల నాయకురాలు ప్రమీల.

కానీ ఎవరికీ నిమ్మళం లేదు. ఎవరో వచ్చి ఫోన్లో వీడియో తీసుకుపోయారు. టెంటు పీకేస్తారని ఒకరన్నారు. పోలీసు కేసు పెడతారని ఇంకొకరన్నారు. గేటు చప్పుడైతే చాలు, అందరూ లేచి నిలబడుతున్నారు.

చాందికి మాత్రం ఒకటే ధ్యాస. దవాఖానా వైపు నుంచి ఎవరొచ్చినా అడుగుతుంది.

"పాపకు ఎట్లుంది?"

విచారణ అయ్యేదాకా ఆ వార్డు ఛాయలకు కూడా పోవద్దని ఆమెను కట్టడి చేశారు.

ఇంతలో ఈ మనిషి. కొన్నాళ్లుగా వస్తున్నాడు. నినాదాలివ్వడు. ఎవరితోనూ మాట్లాడడు. పొయ్యి వెలిగించే వేళకు వచ్చి ఓ మూలన కూర్చుంటాడు. చాంది చేతులు కడుక్కోవడం, బియ్యంలో రాళ్లు ఏరడం, పప్పు కడగడం కన్నార్పకుండా చూస్తాడు. పెట్టింది తింటాడు. లేచి వెళ్లిపోతాడు.

"రోజూ ఆ పొయ్యి కాడ ఏం చూస్తున్నవ్?" బలరాం గద్దించాడు.

అతను తలెత్తాడు. తెలుగు తడబడుతూ వచ్చింది.

"చేయి. ఆమె చేయి చూస్తున్న."

"విన్నరా! చేయి చూస్తుండట. తప్పు యాడ దొరుకుతదా అని చూస్తుండు. వీడు పైనోళ్లు పంపిన మనిషే!"

"ఆగు తమ్మీ. తిననియ్యి," అంది ప్రమీల. "చూస్తే గట్లాంటోని లెక్క లేడు."

"నువ్ ఊకో అక్కా. గిట్ల మెత్తగుంటెనే మన నెత్తినెక్కుతరు. రేపు చాందక్కకు కొలువు మళ్ల రాకపోతే ఈయన తెచ్చిస్తడా?"

చాంది గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమెకూ భయంగానే ఉంది.

బలరాం కంచం పక్కకు నెట్టాడు. అతన్ని లేపి రోడ్డు దాకా తోసుకుంటూ పోయాడు.

అతను వెనక్కి తిరిగి చూశాడు. ఏదో చెప్పబోయాడు. తెలుగులో మాట దొరకలేదు. తువ్వాలు భుజాన వేసుకుని నడిచాడు.

"చూడుండ్రి, ఆఫీసు లోపటికే పోతుండు!" అన్నాడు బలరాం. "నేను చెప్పలే?"

ఆ పూట ఎవరికీ అన్నం సహించలేదు.

"తిన్నంక పంపకపోతివి తమ్మీ," అంది చాంది. "కంచం ముందట కూసున్నోణ్ని లేపినం."

మర్నాడు పొద్దున్నే ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. చాంది, ప్రమీల, బలరాం బిక్కుబిక్కుమంటూ లోపలికి వెళ్లారు.

ఆఫీసర్ చాందిని కూర్చోమన్నాడు.

"తేడా నీళ్ల ట్యాంకులో ఉందమ్మా. పరీక్షలో తేలింది. అయినా పాప ఇంటివాళ్లు వద్దంటే నిన్ను మళ్లీ తీసుకునేవాణ్ని కాదు. నిన్న వాళ్లే వచ్చి నీ తప్పు లేదన్నారు. సోమవారం నుంచి పనిలోకి రా."

టెంటు నినాదాలతో అదిరిపోయింది. బలరాం గొంతు అందరికంటే పైన వినిపించింది.

చాంది కళ్లు తుడుచుకుని లేచింది.

"ముందుగాల పాపను చూడాలె. ఆ ఇంటోళ్ల కాళ్లు మొక్కాలె."

ప్రమీల, బలరాం ఆమెతో కలిసి దవాఖానాకు వెళ్లారు. మంచం ఖాళీగా ఉంది. నర్సు నాగలత దుప్పటి మారుస్తోంది.

"జంపక్కనా? పొద్దుగాలనే పోయిండ్రు. పాప మంచిగుంది. నడుచుకుంటనే పోయింది."

"ఏ ఊరు సిస్టర్? మేం పోతం."

"వాగు అవతల, అడవిల యాడనో. ఆ ఇల్లు నాకు గూడ తెల్వదు."

చాంది ఖాళీ మంచం వైపు చూస్తూ నిలబడింది.

"నేనే ఆ వంటామెను సిస్టర్. నా మొఖమన్న చూడలే గదా, ఎట్ల నమ్మిండ్రు నన్ను?"

నర్సు చేతిలో దుప్పటి ఆగింది.

"చూడకపోవుడేంది? అందరూ నీదే తప్పంటుంటే, నా కళ్లతోని చూసినంకనే చెప్తనన్నడు. నాకు కోయ మాట వస్తది, నాతోనే అన్నడు. రోజూ నీ టెంటుకు పోయి చూసిండు. నీ చేతి కూడు తిన్నడు."

బలరాం గోడకు ఆనుకున్నాడు.

"నిన్న ఆడ ఎవలో రెక్క పట్టి గెంటిండ్రట, అయినా ఆకలితోనే సక్కగ ఆఫీసుకు పోయి నీ దిక్కు మాట్లాడొచ్చిండమ్మా, జంపక్క నాయన."