గాలిపడవ

"గాలిపడవ ఎయ్యరాదమ్మా ఒకసారి? ఆ పిల్లగాడు... కెంటా..."

వెనక బెంచీ మీంచి దయావతి ఆంటీ అడిగేసరికి హాల్లో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి వెనక్కి తిరిగారు.

పటాన్‌చెరులో చర్చి వెనక హాలు అది. ఆదివారం పొద్దున ఆంటీ అక్కడ సండే స్కూల్ పిల్లలకు కథలు చెబుతుంది. మధ్యాహ్నం అనిమే అభిమానుల సంఘం జపాన్ వాళ్ళ బొమ్మల కథలు వేసుకుంటుంది. తాళాలు ఆంటీ దగ్గరే ఉంటాయి కాబట్టి, తలుపు తీశాక తనూ ఓ మూల కూర్చుని చూస్తుంది.

"అది మా చిన్నప్పుడు టీవీల తెలుగుల వచ్చింది ఆంటీ. డబ్బింగ్‌వి మేం చూడం," అన్నాడు రాకీ.

తనకిష్టమైన అనిమే వీరుడిలా నల్లకోటు తొడుక్కుని, వీపున అట్టకత్తి కట్టుకుని వచ్చాడేమో, ఆ మాటకు ఎక్కడలేని బరువొచ్చింది.

"నువ్వు చెప్పక్కా," అంది నిషిత.

అందరూ హరిచందన వైపు చూశారు. బొల్లారంలో మందుల కంపెనీలో కెమిస్టు ఆమె. ఈ సంఘం పెట్టింది ఆమే.

నిజానికి ఆమెను ఈ పిచ్చిలో పడేసింది ఆ గాలిపడవే. బడి నుంచి వచ్చి యూనిఫాం కూడా మార్చుకోకుండా టీవీ ముందు కూలబడేది. తుఫానులో పడవ ఆగిపోతే, కెంటా దాని అంచు నిమిరి, "కదలవే నా బంగారు పడవా, ఇంకొంచెం దూరమే!" అనేవాడు. ఇంటర్ పరీక్షల ముందు, ఇంటర్వ్యూ ముందు, చలికాలంలో మొండికేసిన స్కూటీ ముందు ఆమె ఆ మాటే అనుకుంది. ఆ తెలుగు కెంటా కోసం ఎన్నేళ్ళ నుంచో వెతుకుతోంది. ఎక్కడ చూసినా జపాన్‌దే ఉంది, తెలుగుది లేదు.

ఈ సంగతి రాకీ ముందు ఒప్పుకుంటే ఇంకేమైనా ఉందా! సంఘంలో పరువుండేనా?

"తెలుగోళ్ళు దాన్ని ఖరాబ్ చేసిన్రు ఆంటీ," అంది. "పడవ ఆగినప్పుడు కెంటా వీపొక్కటే కనిపిస్తది. జపాన్ దాంట్ల ఏం మాట్లాడడు. నోరు కనిపిస్తలేదు గదా అని మనోళ్ళు సొంతంగ ఓ డైలాగు అతికిచ్చిన్రు."

అందరూ విరగబడి నవ్వారు. హరిచందన అందరికంటే గట్టిగా నవ్వింది. ఆ నవ్వు ఆమెకే నచ్చలేదు.

ఆంటీ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"పిల్లగాడు ఒక్కడే ఉంటడు గదమ్మా పడవల. మాట్లాడకుంట ఉంటే భయమైతది," అని మెల్లగా లేచి బయటికి వెళ్ళిపోయింది.

మరుసటి ఆదివారం నుంచి తాళం తీసి, వరండాలోనే కుర్చీ వేసుకుంది. లోపలికి రాలేదు.

పిలుద్దామనుకుంటూనే హరిచందన వారాలు గడిపేసింది.

అభిమానం ఎప్పుడూ ఒక్క తీరున ఉండదు. జపాన్ భాష నేర్చుకుంటానని ఒట్టు పెట్టుకున్న నిషిత కొరియా సీరియళ్ళలో పడింది. రాకీకి పెళ్ళయింది, నల్లకోటుకు గుండీలు పట్టడం మానేశాయి, కత్తి మేనల్లుడి పాలయింది. కొందరికి షిఫ్టులు మారాయి. తెల్లాపూర్ ఫ్లాట్లకు మారినవాళ్ళు ఫోన్లోనే, అదీ రెట్టింపు వేగంతో, చూసేస్తున్నారు. ఏ కథ గొప్పదని తెల్లారేదాకా కొట్లాడుకున్న వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు పుట్టినరోజు కేకులు తప్ప ఏమీ లేవు. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. అందరూ మంచి పిల్లలే.

వానాకాలంలో ఓ ఆదివారం హరిచందన ఒక్కతే వచ్చింది. ప్రొజెక్టర్ పెట్టుకుని చాలాసేపు గుమ్మంలోనే నిలబడింది.

"ఎవ్వరు వస్తలేరు ఆంటీ. ఇగ బంద్ చేస్త. వచ్చే వారం నుంచి తాళం తియ్యకున్రి."

"గట్లంటవేంది? నువ్వైతే వచ్చినవ్ గద."

హరిచందన గుమ్మం దాటి ఆంటీ కుర్చీ దగ్గరికి వచ్చింది.

"లోపలికి రాన్రి ఆంటీ. గాలిపడవ ఏస్త. జపాన్‌దే ఉంది. తెలుగుది ఎంత దేవులాడినా దొరకలే."

"తెలుగుది దేవులాడినవా?" ఆంటీ కుర్చీలోంచి సగం లేచి అలాగే ఆగింది.

"శానా దినాల సంది. ఆ రోజు అందరి ముందట అబద్ధమాడిన ఆంటీ. ఆ డైలాగంటే నాకు పాణం."

ఆంటీ లోపలికి వచ్చి వెనక బెంచీ మీద తన పాత చోట్లో కూర్చుంది.

తెర మీద తుఫాను మొదలైంది. పడవ ఆగిపోయింది. కెంటా అటు తిరిగి కూర్చుని పడవ అంచు నిమిరాడు. ఇక్కడ వాన చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదని హరిచందనకు తెలుసు. అలవాటు కొద్దీ ఆ మాట తనే అనుకోబోయింది.

"కదలవే నా బంగారు పడవా, ఇంకొంచెం దూరమే!"

చిన్నప్పుడు టీవీలో విన్న అదే గొంతు. కాస్త బొంగురుగా మొదలై చివర్లో వణికే పన్నెండేళ్ళ పిల్లాడి గొంతు. స్పీకర్లోంచి కాదు, వెనక నుంచి వచ్చింది.

హరిచందన గిరుక్కున తిరిగి చూసింది.

కళ్ళజోడు ఒళ్ళో పెట్టుకుని, తెర మీది పిల్లాడి వీపునే చూస్తూ, దయావతి ఆంటీ కెంటా తర్వాతి మాట కోసం ఊపిరి తీసుకుంటోంది.