దీపం వల్లే

"రాసుకో పాపా, దీపం వల్లే. నేనే ముట్టించి నిద్రపోయినా," నాగమణమ్మ మళ్లీ చెప్పింది.

నల్లగండ్లలో ఆ కాలిన ఫ్లాట్ చూడ్డానికొచ్చిన ఫైర్ ఆఫీసర్ అశ్విని అలసటగా తలూపింది. ఎక్కడికెళ్లినా కారణం ముందే తేల్చి పెట్టేస్తారు. తను మాత్రం గోడల్నే అడగాలి.

అన్నిటికంటే లోతుగా కాలింది చెప్పుల స్టాండు పక్కన, కొడుకు స్కూటర్ బ్యాటరీ ఛార్జింగ్ పెట్టిన చోట. దేవుడి గది తలుపు బయటివైపే మాడింది. లోపల దీపపు కుంది నూనె చుక్క లేకుండా బోర్లించి ఉంది.

"దీపం పెట్టనే లేదు కదమ్మా?"

పెద్దావిడ గొంతు తగ్గింది. "మా ఆయన పోయి వారం కాలేదు. మైల ఇంట్లో దీపం ఎట్లా ముట్టిస్తా? పక్క ఫ్లాటాయన ఒళ్లు కాలి ఆస్పత్రిలో ఉండాడు. కేసయితే మావాడి ఉద్యోగం పోతాది. నా పేరే రాయి పాపా. వానికి మాత్రం చెప్పొద్దు, ఒప్పుకోడు."

అశ్విని బయటికి చూసింది. తండ్రికి తలకొరివి పెట్టిన గుండుతో కొడుకు లిఫ్ట్ దగ్గర నిలబడి ఉన్నాడు.

పొద్దున ఫోన్ చేసి, "మా అమ్మ పెట్టిన దీపం వల్లే మేడమ్" అని చెప్పింది అతనే.