ఖాళీ ఊరికి చాటింపు

ఊరిమీద పడేముందు స్పెయిన్ రాజుగారి ఆజ్ఞ పైకి చదవాలి. చదివాకే కాగడాలు అంటించాలి. మా సైన్యం ఆనవాయితీ అది. ఆ రాత్రి అడవిలో ఊరు ఖాళీగా ఉంది.

"ఎవరికి చదవను దొరా, గబ్బిలాలకా?" అన్నాడు లేఖకుడు బెర్మూదో.

"ఎవరికైతేనేం, పద్ధతి పద్ధతే. చదవవయ్యా!" అని కసిరాడు గవర్నరు ఒర్దోన్యో.

బెర్మూదో గుడిసెలకేసి అరిచాడు. "లొంగిపోండి. లేదంటే ఊరు తగలబెడతాం. మీ చావులకు తప్పు మీదే."

కీచురాళ్లు కూడా ఆగిపోయాయి.

అంతలో గుడిసెల్లోంచి ఎవరో చదవడం మొదలుపెట్టారు. మా భాషే. బెర్మూదో గొంతే. "లొంగిపోండి..."

బెర్మూదో మాత్రం నా పక్కనే, రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడ్డాడు.

"ఆపమనండ్రా!" అన్నాడు గవర్నరు. ఎవరూ కదల్లేదు.

"మీ చావులకు తప్పు మీదే," అని ముగించింది ఆ గొంతు.

మా వెనకాల, మేం వచ్చిన దారి పొడుగునా, కాగడాలు వెలిగాయి.