చేతులు చాలని షాపు

"పడవ తాళం ఇచ్చెయ్ బావా, ఇంకా ఎవరి కోసం ఆ ఎదురుచూపు?"

మాస్టారు వినిపించుకోనట్టు డైవింగ్ అద్దాలు తుడుస్తూనే ఉన్నాడు. మనుషుల వీపుకి గాలి సిలిండర్ కట్టి, సముద్రం అడుగుకి తీసుకెళ్లి చేపలూ పగడాలూ చూపించే షాపు ఆయనది. విమానం టికెట్ల ధరలు మండిపోతున్నప్పటి నుంచి దూరపు ఊళ్లవాళ్లు రావడం మానేశారు. ఫోన్ చేస్తారు, డైవింగ్‌కి ఎంత అని అడుగుతారు, "మీ దగ్గరికి రావడానికే దానికి మూడింతలవుతోందండీ" అని పెట్టేస్తారు. సీజన్ నడిమధ్యన మాస్టారు ఈగలు తోలుకుంటున్నాడు. మిగిలిన ఆస్తి ఆ పడవ ఒక్కటే. ఐస్ దిమ్మలు మోసుకోవడానికి దాన్ని కొంటానని బావమరిది పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. పడవ పోతే షాపూ పోయినట్టే.

"సాయంత్రం దాకా ఆగరా" అంది మాస్టారి భార్య తమ్ముడితో.

"సాయంత్రం దాకానే అక్కా. తర్వాత రేవులో ఇంకొకళ్ల పడవ మాట్లాడుకుంటాను."

అప్పుడే గుమ్మంలో ఒక పెద్దమనిషి వచ్చి నిలబడ్డాడు. చేతిలో బ్యాగు, ఎండకి నల్లబడిన ముఖం.

"డైవింగ్ మాస్టారంటే మీరేనా అండీ? మీతో కొంచెం మాట్లాడాలని..."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. "మాటలకేం తొందర సార్! ముందు నీళ్లలో దిగుదాం. ఇవాళ డబ్బులు కూడా వద్దు. ఆ తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం."

పెద్దమనిషి ఒక్క క్షణం తటపటాయించాడు. "నిజమే లెండి. దిగితేనే కదా తెలిసేది" అని బ్యాగు కింద పెట్టాడు.

పడవ కదిలాక మాస్టారు మాట కలిపాడు. "ఏ విమానానికి దిగారు సార్?"

"బస్సులో వచ్చానండీ."

దారంతా చూసుకుంటూ వచ్చాడన్నమాట, ఎంత రసికుడో అనుకున్నాడు మాస్టారు.

"ఈమధ్య మీకు జనం బాగా వస్తున్నారా?" అడిగాడు పెద్దమనిషి.

ఖాళీ షాపని తెలిస్తే ఎక్కడ వెనక్కి పోతాడోనని మాస్టారు కోతలు మొదలుపెట్టాడు. "ఊపిరి సలపడం లేదనుకోండి! మీ అదృష్టం బాగుండి ఇవాళ తెరిపి దొరికింది. చేతులు చాలక చస్తున్నాం."

పెద్దమనిషి ముఖం వెలిగిపోయింది. "అయితే మంచి చోటికే వచ్చాను."

"ఖర్చులు ఇలా పెరిగిపోయినా వచ్చారంటే, మీకు సముద్రమంటే ఎంత ప్రాణమో!"

"రాక తప్పలేదండీ."

"ఎన్నాళ్లుంటారు?"

"మీరు ఉండమన్నన్నాళ్లూ."

మాస్టారు ఆనందంతో పడవని ఇంకో పక్కకి తిప్పబోయి సర్దుకున్నాడు.

దిగే ముందు పెద్దమనిషి తన సిలిండర్ మీట తానే తిప్పి చూసుకున్నాడు. మాస్టారి బెల్టు కూడా లాగి చూశాడు. ఎన్ని సముద్రాలు చూసిన మనిషో అని మాస్టారు మురిసిపోయాడు. కానీ నీటి అడుగున ఆయనకి గుబులు పట్టుకుంది. పసుపుపచ్చ చేపల గుంపు ముక్కు ముందు నుంచే పోతున్నా పెద్దమనిషి అటు చూడలేదు. మాటిమాటికీ వెనక్కి తిరిగి మాస్టారినే చూస్తూ, బాగానే ఉన్నారా అని వేళ్లతో సైగ చేస్తున్నాడు. మన చేపలు ఈయన కంటికి ఆనడం లేదని భయపడి, మాస్టారు ఇంతవరకు ఎవరికీ చూపించని తాబేళ్ల గుహకి కూడా తీసుకెళ్లాడు.

ఒడ్డుకొచ్చేసరికి భార్య ఉన్నంతలో ఘనంగా భోజనం సిద్ధం చేసింది. పెద్దమనిషి మాత్రం తినడానికి కూర్చోకుండా ఇద్దరి డైవింగ్ సూట్లూ మంచినీళ్లతో కడిగి, తిరగేసి నీడలో ఆరేశాడు.

"అయ్యయ్యో, మీరెందుకు సార్!"

"అలవాటండీ."

"గొప్పవాళ్లకే ఉంటుంది ఈ వినయం" అన్నాడు మాస్టారు భార్య చెవిలో. "వారం రోజులకి తక్కువ కాకుండా ఉంటాడు. తన స్నేహితుల్నీ రప్పిస్తాడు, చూస్తూ ఉండు."

"అడిగారా?"

"అడగాలా ఏమిటి? ముఖంలోనే కనిపిస్తుంటే."

సాయంత్రం కావస్తుండగా బావమరిది గడియారం వంక చూసి లేచాడు. "ఏమంటావు బావా?"

"పడవ అమ్మను పోరా! షాపు నడుపుకునే వాడికి పడవ లేకపోతే ఎలా?" పెద్దమనిషికి వినపడేలా గొంతు పెంచి మరీ అన్నాడు మాస్టారు.

"తర్వాత నన్ను అనొద్దు" అంటూ బావమరిది గుమ్మం దాటకముందే ఫోన్ తీసి, రేవులోని ఇంకో పడవ బేరం ఖాయం చేసేసుకున్నాడు.

మాస్టారు కుర్చీ దగ్గరకి లాక్కుని, మీసం మీద చెయ్యేసుకున్నాడు. "ఇప్పుడు చెప్పండి సార్. పొద్దున ఏదో మాట్లాడాలన్నారు, మొహమాటపడకండి."

పెద్దమనిషి తడి చేతులు తుడుచుకుని, కూర్చోకుండానే అడిగాడు.

"మా డైవింగ్ షాపు మూతపడిందండీ, రేపటి నుంచి మీ దగ్గర పనిలోకి రానా?"