నీలం దారం గిన్నె

జల్లెడని మూడోసారి కడిగి, ఎండలో ఆరబెట్టి, వెలుగుకెత్తి చూసింది ఇల్లాలు. ఎక్కడా గోధుమపిండి రేణువు లేదు.

"ఆపరేషన్ గదిలో కూడా ఇంత శుభ్రం ఉండదు," అన్నాడు మొగుడు, గుమ్మంలో కూర్చుని బూట్లు తుడుచుకుంటూ. దూరప్రయాణాల బస్సు నడుపుతాడు. మూడు రోజులకోసారి ఇంటికొస్తాడు.

"ఈ కేకుకి గోధుమ తగలకూడదు. మీకేం తెలుసు?"

"నాకు తెలియకపోవడమేంటి," అని నవ్వాడతను. "ఇవాళైనా ఆవిడకి క్షమాపణ చెప్తావా, కేకు చేతిలో పెట్టి పంపించేస్తావా?"

"చెప్తాను."

పక్కింటి టైలరమ్మ నాలుగు గంటలకి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతోంది. లారీ పొద్దుటే వచ్చి వీధిలో నిలబడింది. పదకొండేళ్ళ ఇరుగు. ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి గిన్నె రావడమే గానీ, ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి కడిగిన గిన్నె తప్ప ఏదీ వెళ్ళలేదు. లారీ కదిలేలోపు ఒక కేకు, ఒక మాట అక్కడికి చేరాలి.

ఉడికిన రెండు నారింజల్ని గింజలు తీసి తొక్కతో సహా రుబ్బింది. బాదంపొడి, బియ్యప్పిండి, పెరుగు, వెన్న, పంచదార వేసి గిలక్కొట్టింది. కుక్కరు అడుగున ఉప్పు పరిచి గిన్నె దింపి మూత పెట్టింది. అంతా టైలరమ్మ చెప్పిన పద్ధతే.

పదకొండేళ్ళ కిందట పక్కింట్లో దిగిన మొదటి రోజే టైలరమ్మ కేకు ముక్కలు పట్టుకుని వచ్చింది. సామాన్లు మోసిన చేతులు, గోళ్ళలో కుట్టుమిషను నూనె నలుపు. ఇల్లాలు అప్పుడే స్నానం చేసి, దేవుడి ముందు దీపం పెట్టి లేచింది.

"నాకు గోధుమ పడదమ్మా," అంది గడప దాటకుండానే.

ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారు. టైలరమ్మ వదల్లేదు. సూదిలో దారం ఎక్కించే కళ్ళద్దాలు పెట్టుకుని కొట్లో ప్రతి పొట్లం మీది చిన్న అక్షరాలూ చదివింది. మొదట చేసిన మూడు కేకులు ఇసుకలా రాలిపోతే వాళ్ళే తిన్నారు. నాలుగోది నిలబడింది. మిగతా వాటితో కలవకుండా ఇల్లాలి కోసం ఒక గిన్నె వేరుగా పెట్టి, దాని చెవికి నీలం దారం కట్టింది. ఏటా నారింజలు వచ్చే కాలమంతా ఆ గిన్నె వస్తూనే ఉంది.

ఒకసారి ఇల్లాలు కాలు విరిగి ఆసుపత్రిలో పడింది. టైలరమ్మ మొగుడు వడ్రంగి. చేతికర్ర చెక్కి తెచ్చిచ్చాడు. టైలరమ్మ డాక్టరుతో గొడవే పెట్టుకుంది.

"మా అక్కకి గోధుమ పడదండీ. మాత్రల్లో కూడా లేకుండా చూడండి."

ఇల్లాలు మొహం గోడవైపు తిప్పుకుంది.

ఆమె మొగుడికేమో రొట్టె లేనిదే ముద్ద దిగదు. పిండి డబ్బా అటక మీద పాత దుప్పట్ల వెనక ఉండేది. పొద్దువాలాక రొట్టెలకి పొయ్యి వెలిగిస్తే చాలు, పక్కింటివైపు కిటికీ మూసేసేది. పొగకి కళ్ళు మండేవి.

"ఆ డబ్బాకి పరదా కూడా కుట్టించు, పక్కావిడ చేతనే," అని ఏడిపించేవాడతను. ఆమె నవ్వేది కాదు.

రోజూ దేవుడి ముందు కూర్చుంటే నీలం దారమే కళ్ళలో మెదిలేది. 'నీకు పువ్వు పెట్టందే మంచినీళ్ళు ముట్టని నాకు లేని మనసు, దారం కొరుక్కుని బతికే మనిషికి ఎలా ఇచ్చావు స్వామీ?' అని అడిగేది.

మూడున్నరకి కేకు పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళింది. ఇల్లంతా బోసిగా ఉంది. టైలరమ్మ చీపురు పక్కన పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుని ముక్క తుంచింది.

"నాదానికంటే మెత్తగా వచ్చింది. కొంచెం చేదు తగిలింది గానీ, బాగుంది," అని మొగుడికో ముక్క ఇచ్చింది. తర్వాత ఇల్లాలి వైపు చూసింది. "అయినా నాకు గోధుమ పడుతుందిగా అక్కా. మామూలుగా చేస్తే సరిపోయేదిగా? ఇంత అవస్థ ఎందుకు పడ్డావు?"

మాట నాలుక చివరిదాకా వచ్చింది. బయట లారీవాడు హారన్ కొట్టాడు.

"ఇలా అయితే... ఇద్దరం తినొచ్చని," అంది ఇల్లాలు. తల దించుకుంది.

"ఇద్దరం తిందాం అయితే," అని ఆమె నోట్లో ఒక ముక్క పెట్టింది టైలరమ్మ. ఈసారి గోళ్ళలో నూనె ఉందో లేదో ఇల్లాలు చూడలేదు.

వడ్రంగి ఆఖరి మూట ఎక్కించాడు. టైలరమ్మ నీలం దారం గిన్నె తెచ్చి ఇల్లాలి చేతుల్లో పెట్టింది.

"ఇది నీ దగ్గరే ఉండనీ."

"చెల్లీ, నీకో మాట చెప్పాలి," అంది ఇల్లాలు.

టైలరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి, మగవాళ్ళకి వినపడకుండా చెవి దగ్గర అంది:

"పొగకి కళ్ళు పాడైపోతాయి, ఇకనైనా కిటికీ తెరుచుకుని కాల్చుకో అక్కా, బావగారు డ్యూటీకెళ్ళిన రోజుల్లో కూడా నువ్వు రొట్టెలు చేసుకుంటావని మాకు మొదటి ఏడాదే తెలుసు."