ఇంకోసారి తాత

"ఇంకోసారి చూడమ్మా."

ఆ మాట వినగానే ఆమె చేతిలోని ఆకురాయి జారి నేల మీద పడింది.

వరసగా ఏడో గురువారం. అదే తాత, అదే కాలు, అదే మాట.

కృత్రిమ కాళ్ళు, చేతులు తయారుచేసే ఆ వర్క్‌షాపులో ఆయన్ని అందరూ ‘ఇంకోసారి తాత’ అనేవారు. కుడికాలు మోకాలి కింద నుంచి లేదు. చంకకర్రల మీద టకటకా వచ్చి బల్ల మీద కూర్చునేవాడు. ఆమె చేసిన కాలు తొడుక్కుని నాలుగడుగులు వేసి, పెదవి విరిచేవాడు.

ఆమె కొత్తగా చేరిన అమ్మాయి. పేరు పెట్టి పిలిచే తీరిక ఎవరికీ లేదు, ‘కొత్తమ్మాయి’ అంతే.

"ఆ తాత బాగుందనే దాకా ఇంకొకరి కాలు నీ చేతికివ్వను" అని మాస్టారు మొదటి రోజే తేల్చేశారు.

తనతో చదివినవాళ్ళంతా ఎక్కడెక్కడో కుదురుకున్నారు. బావ ఏదో ఆఫీసులో ఉద్యోగం చూసిపెట్టి, నెలాఖరులోగా ఏ సంగతీ చెప్పమంటున్నాడు. అమ్మ అయితే రోజూ ఫోనే.

"ఇంకా ఆ ముసలాయన కాళ్ళు పట్టుకునే ఉన్నావుటే?"

"కాళ్ళు కాదమ్మా, ఒక్క కాలే."

నవ్వుతూనే అనేది కానీ ఆ నవ్వు ఫోను పెట్టేసేదాకానే. కూర్చుంటే లేవాలనిపించేది. లేస్తే పారిపోవాలనిపించేది.

"నొప్పి ఎక్కడ తాతగారూ?" అని అడిగింది, కిందపడ్డ ఆకురాయి తీసుకుంటూ.

"అది నువ్వే చెప్పాలి."

"నొప్పి మీది కదా!"

"కాలు నువ్వు చేసింది కదా!"

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"కూర్చోబెట్టి కొలిస్తే ఏం తెలుస్తుందమ్మా? మెట్లెక్కించు. కుర్చీలోంచి లేపు. కాలు విప్పించి, అది ఆనినచోట ఒంటి రంగు చూడు" అని సణుగుతూ వెళ్ళిపోయాడు.

ఇంట్లో పనీపాటా లేక ప్రాణం తీస్తున్నాడు అనుకుంది.

ఎనిమిదో గురువారం రాజీనామా ఉత్తరం రాసి సంచిలో పెట్టుకునే వచ్చింది.

తాత కాలు తొడుక్కున్నాడు. పట్టుకుని నడిచే కమ్మీల మధ్య నాలుగడుగులు వేసి ఆగాడు. నోరు తెరవబోయాడు.

"మీరేం మాట్లాడకండి!" అంది ఆమె. "నేనే చెప్తాను. మోకాలి చిప్ప కింద నొక్కుతోంది, అందుకే అడుగు పొట్టిగా పడుతోంది. పాదం బయటికి తిరిగింది. విప్పి చూస్తే వెనకవైపు ఎర్రగా కమిలి ఉంటుంది. అన్నీ ఈ పూటే సరిచేస్తాను. ఆ తర్వాత మాత్రం మీకు దండం పెడతాను, ఇటు రాకండి!"

మిషన్లు ఆగిపోయాయి. అందరూ ఇటే చూస్తున్నారు.

ఆమె వంగి విసురుగా కాలు విప్పింది. వెనకవైపు, ఆమె చెప్పినచోటే, ఎర్రగా కమిలి ఉంది.

తాత కమ్మీ పట్టుకుని బల్ల మీదికి చేరాడు.

"సరే తల్లీ. ఇంక రానులే."

సాయంత్రానికి అన్నీ సరిచేసి తొడిగింది. తాత ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచాడు. మూడు మెట్లెక్కి దిగాడు. కుర్చీలో కూర్చుని లేచాడు.

"బాగుంది" అన్నాడు. కర్రలు రెండూ చంకన ఇరికించుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

తన అరుపులు భరించలేక అలా అన్నాడేమోనని ఆమెకి అనుమానం.

మర్నాడే మాస్టారు కాలు పోయిన ఒక ఇస్త్రీ చేసే ఆవిడను ఆమెకి అప్పగించారు. పొద్దస్తమానం నిలబడి చేసే పని. ఆవిడ మొహమాటస్తురాలు, నొప్పి ఉన్నా చెప్పదు. కొత్తమ్మాయి ఆవిడ నోటిని కాదు, అడుగును చూసింది. మెట్లెక్కించింది. విప్పించి రంగు చూసింది. రెండోసారి తొడిగేసరికి ఆవిడ గుమ్మం దాకా నడిచివెళ్ళి, వెనక్కి తిరిగింది.

"ఇది వేసుకునే ఇంటికి వెళ్ళిపోవచ్చా?"

ఆ సాయంత్రమే కొత్తమ్మాయి బావకి ఫోను చేసి, ఆఫీసు ఉద్యోగం వద్దని చెప్పేసింది.

గురువారం వచ్చింది. పొద్దుటి నుంచీ చూపంతా గుమ్మం మీదే. తాత రాలేదు. పై గురువారమూ రాలేదు. చేసే పని మీద చెయ్యి నిలవలేదు. ఒక్కసారి కనిపిస్తే క్షమించమని అడగాలి. అంతే.

మాస్టారిని అడిగింది. ఆయన తలెత్తకుండానే చిరునామా రాసిచ్చి, "వెళ్ళిరా" అన్నారు.

తలుపు తీసినది తాత భార్య.

"నువ్వేనా కొత్తమ్మాయివి? లోపలికి రా తల్లీ."

"తాతగారు..."

"తొమ్మిది రోజులైందమ్మా. నిద్రలోనే పోయారు."

ఆమె చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి లోపలికి వచ్చింది.

"నేను ఆయన్ని రావద్దన్నాను బామ్మగారూ. అందరి ముందూ అరిచాను."

"తెలుసు. ఆ వేళ ఇంటికొచ్చి, కూర్చోనైనా కూర్చోకుండా నీ గురించే చెప్పారు. ‘అడక్కుండానే నొప్పి ఎక్కడో చెప్పేసింది’ అని ఒకటే సంబరం."

"ఎనిమిది వారాలు కాలు లేకుండా కర్రల మీద తిప్పించానే..."

బామ్మగారు ఆమెకేసి వింతగా చూసింది.

"కాలు లేకపోవడమేమిటమ్మా? రోజూ ఊరంతా తిరగడానికి మంచి కాలు ఇంట్లోనే ఉంది. మీ మాస్టారు పని నేర్చుకున్న రోజుల నుంచీ, కొత్తవాళ్ళు ఎవరు చేరినా, గురువారం పొద్దున్నే దాన్ని విప్పేసి కర్రలు అందుకునేవారు."